కంబోడియా నుంచి వచ్చిన ఫోన్ నేనెత్తలేదు

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు దుప్పటి కప్పుకుని మా చెల్లిని బెదరగొట్టి, దాని వాటా జంతికలు కూడా తిన్నవాణ్ణి. వేషం కట్టినవాడికి ఆ వేషమంటే భయమేముంటుంది? కాబట్టి నన్ను పిరికివాడినని అనుకోకండి. ఇది చదివాక అంతకంటే తక్కువగా అనుకుంటారు, అది వేరే సంగతి.

తొమ్మిదో తరగతితో చదువు మానేశాను. లెక్కల మాస్టారూ నేనూ ఒకరికొకరం విసిగిపోయాం. తర్వాత చాలా ఏళ్ళకి మా అక్క అమెరికా పిలిపించుకుంది. 2010 ప్రాంతంలో మిషిగన్‌లోని ట్రాయ్‌లో, ఒక ఇండియన్ కిరాణా కొట్లో, బియ్యం బస్తాల పక్కన టికెట్లు బుక్ చేసే చిన్న డెస్క్ నాది. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు ఇండియాకి తిరిగి వెళ్తూ దారిలో ఒక దేశం చూసి వెళ్ళేవారు. ఎక్కువమంది అడిగేది కంబోడియా. అంత పెద్ద విష్ణువు గుడి అక్కడుందని అందరూ విన్నారు.

వాళ్ళ కోసం నేనొక కాగితం తయారుచేశాను. వీసా దిగాక ఎయిర్‌పోర్ట్‌లోనే ఇస్తారు, ఫోటో పట్టుకెళ్ళండి. గుళ్ళో భుజాలూ మోకాళ్ళూ కప్పుకోండి. డాలర్లు చెల్లుతాయి. నెట్‌లో చూసినవి కొన్ని, విన్నవి కొన్ని, తోచినవి కొన్ని. "కూరగాయల వంటకాలు భయం లేకుండా తినొచ్చు" అన్నది తోచిన వాటిలోది. అడుగున మా ఫోన్ నంబర్ వేసి, "ఏ కష్టమొచ్చినా నేనున్నాను" అని కూడా రాశాను.

నేనా దేశం వెళ్ళనేలేదు. వెళ్ళానని మాత్రం అందరికీ చెప్పేవాణ్ణి. "ఆ మెట్లెక్కితే మోకాళ్ళతో పాటు పాపాలు కూడా అరుగుతాయండీ" అంటే నవ్వేవారు. నవ్వేవాళ్ళు ఎదురు ప్రశ్నలు వేయరు.

సుబ్రహ్మణ్యం అంకుల్, రాజ్యలక్ష్మి ఆంటీ అలాగే వచ్చారు. ఆయన వరంగల్‌లో కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆంటీ పుట్టు శాకాహారి. చిన్నప్పుడు పొరపాటున ఎవరింట్లోనో రొయ్యపొడి తగిలితే గొంతు వాచి ప్రాణం మీదికొచ్చిందని, అక్కడ జాగ్రత్తేమైనా ఉందా అని నన్నే అడిగారు. "మీరు దాని జోలికి వెళ్ళకపోతే అది మీ జోలికి రాదు ఆంటీ" అన్నాను. ఇద్దరూ నవ్వారు.

వాళ్ళు బయల్దేరి వెళ్ళిన మూడో రోజు, శనివారం, అంతకుముందు నా కాగితం పట్టుకుని వెళ్ళొచ్చిన ఒకాయన కొట్టుకొచ్చాడు. అక్కడ ఉత్త కూరగాయల్లో కూడా చేపల సాసో రొయ్యల ముద్దో వేస్తారని, ముందే వద్దని చెప్పుకోవాలని, ఆ మాట కాగితంలో లేదని నాలుగు తిట్టిపోయాడు.

హోటల్ బుక్ చేసింది నేనే. నంబర్ నా దగ్గరుంది. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేస్తే నేనా దేశం చూడలేదని బయటపడుతుంది. ఏమవుతుందిలే అనుకున్నాను.

మర్నాడు, ఆదివారం సాయంత్రం, కొట్టు కిటకిటలాడుతోంది. డెస్క్ మీద ఫోన్ మోగింది. తెర మీద నంబర్ 855తో మొదలైంది. కంబోడియా కోడ్ అది, కాగితం మీద వేసింది నేనే కాబట్టి గుర్తుపట్టాను. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. కౌంటర్‌లో ఉన్న సునీత, "ఏందన్నా, అత్తగారా?" అంది. నవ్వేసి ఫోన్ బోర్లించాను. మూడోసారి కూడా మోగి ఆగిపోయింది. కొట్టు మూసేముందు చూశాను: మూడు కాల్స్, మూడూ ఎత్తనివే.

తర్వాత నేనూ చేయలేదు. ఆ వారం, ఇక్కడే ఉండే అంకుల్ వాళ్ళమ్మాయి కరివేపాకు కోసం వస్తే గోడౌన్‌లోకి వెళ్ళి నిలబడ్డాను.

మరుసటి వేసవిలో అంకుల్, ఆంటీ ఇద్దరూ కొట్టుకొచ్చారు. ఆంటీని చూడగానే నాకు ఊపిరొచ్చింది.

"ఏమయ్యా, మా ఆవిడ ప్రాణం నిలబెట్టి, మమ్మల్నే తెల్వనట్టు చూస్తవేంది?" అన్నారు అంకుల్.

అక్కడ తెల్లవారుతుండగా, గుడికి బయల్దేరే ముందు హోటల్లో కూరగాయలు వేసిన నూడుల్స్ తిన్నారట. పది నిమిషాల్లో ఆంటీకి పెదాలు వాచి, ఊపిరాడలేదు. అంకుల్ కాగితం చూసి నాకు ఫోన్ చేశారు. నేనెత్తానట. ఆవిణ్ణి కూర్చోబెట్టండి, టుక్‌టుక్ ఆటో వద్దు, కింద చెప్పి కారు పిలిపించండి, పాస్‌పోర్టులు తీసుకోండి, చిరిగిన డాలర్ నోట్లు అక్కడ తీసుకోరు, మంచివి ఏరిపెట్టుకోండి అని చెప్పానట. ఆసుపత్రి ముందు గేటు ఆ వేళకి తీసి ఉండదు, పక్కసందులో ఆకుపచ్చ తలుపు తట్టండి అన్నానట. కారు వచ్చేదాకా ఫోన్ పెట్టలేదట.

"ఒక్క జోకు కూడా వేయలేదట కదా," అన్నారు ఆంటీ. "దాంతోనే మీ అంకుల్‌కి భయం పట్టుకుంది, సంగతి పెద్దదేనని."

ఆయన నా కాగితం తీసి చూపించారు. వెనకవైపు ఆయన దస్తూరీలో, గబగబా రాసిన ఆ మాటలన్నీ ఉన్నాయి. దానికి హోటల్ బిల్లు గుచ్చి ఉంది. మా నంబర్‌కి ఒకే ఒక్క కాల్. ఇరవై రెండు నిమిషాలు. నంబర్ అంకె అంకె పోల్చి చూశాను. మాదే.

అప్పుడైనా చెప్పాల్సింది. "పర్లేదు అంకుల్, మన పనే కదా" అన్నాను. ఆంటీ నాకోసం అక్కడివాళ్ళు మెడలో వేసుకునే ఎర్రగళ్ళ నూలు కండువా తెచ్చారు. రెండు చేతులా తీసుకున్నాను. వాళ్ళు వెళ్ళాక సునీత మెల్లగా, "అన్నా, ఆ రోజు నువ్వు ఎత్తలేదు కదా" అంది. నా డెస్క్ దగ్గరికి ఇంకెవరూ రాలేదని కూడా తనే చెప్పింది.

నా కాగితాలన్నీ చింపేశాను. అంకుల్‌ని అడిగి, ఆయన రాసిన వాటికి కాపీలు తీసి అందరికీ ఇస్తున్నాను. తర్వాత వెళ్ళొచ్చిన ఒకావిడ ఆ ఆసుపత్రి వైపు వెళ్ళి చూసిందట. పక్కసందు ఉంది, ఆకుపచ్చ తలుపు ఉంది.

ఆ పై ఏడు ఆంటీ ఫోన్ చేశారు. ఈసారి వియత్నాం వెళ్తారట. మొదటి రింగ్‌కే ఎత్తాను.

"జోకులు తర్వాత బాబూ. ఆ రోజు మీ అంకుల్‌తో మాట్లాడినట్టు మాట్లాడు," అన్నారు.

"ఆంటీ, నేను వియత్నాం చూడలేదు. కంబోడియా కూడా చూడలేదు. ఆ రోజు ఫోనెత్తింది నేను కాదు," అన్నాను.

ఆవిడ గట్టిగా నవ్వారు. "నువ్వు మారవయ్యా" అన్నారు.

కండువా మడత విప్పకుండా సొరుగులోనే ఉంది. ఎవరిదో తెలిస్తే ఇచ్చేద్దును.