కైరోలో ఎర్రనీరు

1888 జనవరిలో నన్ను ధవళేశ్వరం ఆనకట్ట నుంచి ఈజిప్టు రాజధాని కైరోకి పంపారు. అప్పటికి నేను రెండో తరగతి ఓవర్సీరుని. అంటే ఇంజనీరు దొర చెప్పిన పని మేస్త్రీల చేత చేయించి, మేస్త్రీలు అన్న మాటలు దొరకి కోపం రాకుండా విన్నవించే ఉద్యోగం. కైరోకి కొంచెం దిగువన నైలు నది రెండు పాయలుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర కట్టిన పాత బ్యారేజీ, అడుగు పగిలి ఎందుకూ కొరగాకుండా పడి ఉంది. దాన్ని బాగుచేయడానికి వచ్చిన దొరల్లో కొందరు ఇండియా కాలవల మీద పనిచేసినవాళ్ళే. ఇసుక నేల మీద రాతిపని తెలిసిన మనుషులు కావాలని గోదావరికి కబురు పెట్టారు.

నాతో ఓ ఇరవై మంది వచ్చారు. వాళ్ళ మేస్త్రీ వీరన్నది గోదావరిలో చేపలు పట్టుకు బతికే కుటుంబం. అతను మాత్రం చిన్నప్పటి నుంచీ ఆనకట్ట పనిలోనే ముదిరాడు. మాది రాజమండ్రిలో లూథరన్ కుటుంబం కాబట్టి సముద్రం దాటినా నన్ను అడిగేవాడు లేడు. వీరన్న సంగతి అలా కాదు. ఓడెక్కితే మళ్ళీ కులంలోకి రానిచ్చేది లేదని పెద్దలు అతని మొహం మీదే చెప్పేశారు. అలా చెప్పినవాళ్ళలో సొంత బావమరిదీ ఉన్నాడు. "పని చేసి చూపించి వత్తానండి, అప్పుడు మాట్టాడమనండి" అని వీరన్న ఓడెక్కేశాడు. పని చెడితే అతనికి ఇటు కొలువూ ఉండదు, అటు ఊరూ ఉండదు.

పని ఏమిటంటే, నదిలో కొంత మేర చుట్టూ మట్టికట్ట వేసి, లోపలి నీరు పంపులతో తోడించి, బయటపడిన అడుగు మీద కొత్త రాతి గచ్చు పరవడం. వరద రాకముందే ఆ గచ్చు ఈ చివర నుంచి ఆ చివరకి పూర్తి కావాలి. మధ్యలో నీరు వచ్చిందా, వేసిందంతా లేచిపోతుంది. అలా నీరు తోడిన గుంటల్లో మా వంతుది ఈ ఏడు పూర్తికాకపోతే గోదావరి మనుషుల్ని మళ్ళీ పిలిపించేది లేదని దొర మొదటిరోజే తేల్చేశాడు.

జూలైలో ఒక పొద్దున నది ఎర్రబడింది. గోదావరివాడికి ఎర్రనీరంటే వేరే చెప్పాలా! రేపో ఎల్లుండో వరద గట్లు ఒరుసుకుంటూ వచ్చేస్తుంది, లంకల్లో వాళ్ళు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కాల్సిందే. వీరన్న నన్ను అడగను కూడా లేదు. మనుషుల్ని పైకి లాగేసి పంపులు విప్పించడం మొదలుపెట్టాడు. గచ్చు ఇంకా ఒక మూల మిగిలే ఉంది. పక్క గుంటలో ఈజిప్టు కూలీలు తాపీగా రాళ్ళు మోస్తూ మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళ మేస్త్రీ హసన్ పూర్వం ఆవిరి పడవల మీద పనిచేసి కాస్త ఇంగ్లీషు నేర్చాడు. నైలు ఎర్రబడ్డాక కూడా మెల్లమెల్లగా, వేళ్ళతో కొలిచేలా పెరుగుతుందనీ, ఇంకా బోలెడు వ్యవధి ఉందనీ అతను చెప్పాడు. నేను ఆ మాట వీరన్నకి తెలుగులో చెప్పాను.

"ఆయ్, ఆళ్ళలాగే చెబుతారండి. మునిగేది మన మనుసులు కదండి" అన్నాడు వీరన్న.

 దొర చూస్తే అలెగ్జాండ్రియా వెళ్ళి ఉన్నాడు. పట్నానికి వస్తే కళ్ళారా చూపిస్తానన్నాడు హసన్. పంపులు విప్పడం ఆపించి ముగ్గురం పడవెక్కాం. అక్కడ నది ఉత్తరానికి పారుతుంది, గాలేమో ఉత్తరం నుంచే వీస్తుంది. అందుకని తెరచాప ఎత్తితే చాలు, పడవ ఎదురేగుతుంది. అది ఒక్కటీ వీరన్నకి నచ్చింది.

తూర్పున బోడికొండ, దాని మొన మీద కోట, పడమట ఎడారి అంచున పిరమిడ్లు, మధ్యలో కైరో. రేవు దాటగానే విశాలమైన వీధులూ గ్యాసు దీపాలూ ఉన్న కొత్త పట్నం. దాని వెనక, తొమ్మిది వందల ఏళ్ళ నాటి పాత పట్నంలో గాడిద పట్టేంత సందులు, ఎటు చూసినా మసీదుల మీనార్లు. నదిలో రోదా అనే దీవి మీద రాళ్ళతో కట్టిన లోతైన గుంట ఉంది, దాని నడుమ మూరల గుర్తులు చెక్కిన స్తంభం ఉంది. నది ఎంత పెరిగిందీ అక్కడ కొలిచి రోజూ వీధి వీధికీ చాటిస్తారు. పదహారు మూరలు నిండితే గాని రైతు మీద శిస్తు వేయకూడదని తరతరాలుగా కట్టుబాటు. నీరు ఇంకా ఆ గుర్తుకి చాలా కిందనే ఉందని హసన్ వేలు పెట్టి చూపించాడు.

వీరన్న ఆ స్తంభాన్ని ఎగాదిగా చూశాడు. "గేజీ మనకీ ఉందండి. గేజీని నమ్మి పడుకున్నోళ్ళని గోదారి తీసుకుపోలేదేంటండి?" అన్నాడు.

ఇక లాభం లేదనుకుని వెనక్కి బయల్దేరాం. పాత పట్నం మధ్యగా ఖలీజ్ అనే కాలవ ఉంది. నీరు పదహారు మూరలకి చేరిన రోజున, ఊరంతా పండగ చేసుకుని, నది నీరు అందులోకి దిగే మొగలో వేసిన మట్టికట్ట తెగ్గొడతారు. అంతవరకూ అది ఎండి ఉంటుంది. మేం వెళ్ళే దారిలో ఆ కాలవ అడుగున ఒక ఆడమనిషి చాప మీద పసిబిడ్డని పడుకోబెట్టుకుని పొయ్యి మీద చిక్కుళ్ళు ఉడికిస్తోంది. వీరన్న ఠక్కున ఆగిపోయాడు. ఎప్పుడు గట్టెక్కుతావో అడగమన్నాడు. హసన్ అడిగితే, కట్ట తెంచే ముందురోజు చాటింపు వేస్తారుగా, అప్పుడు వెళ్తానని ఆమె నవ్వింది.

వీరన్న కాలవ మొగ వరకూ నడిచి వెళ్ళి, నదికీ ఆ బిడ్డకీ మధ్య ఉన్న కట్టని చేత్తో తట్టి చూశాడు. అచ్చం మా గుంట చుట్టూ వేసినటువంటి మట్టికట్టే. "కన్నతల్లండి. తెలీకుండా బిడ్డనక్కడ పడుకోబెట్టదు. పదండి, పనుంది" అన్నాడు.

మర్నాడు గుంటలోకి మొట్టమొదట దిగింది అతనే. గచ్చు చివరి రాయి పడి, సున్నం గట్టిపడ్డాక కూడా వరద మా కట్ట దాకా రాలేదు. ఖలీజ్ కట్ట తెంచిన రోజున మాకూ సెలవిచ్చారు. ఫిరంగులు మోగాయి, దీపాలు కట్టిన పడవల్లో జనం పాడుకుంటూ వెళ్ళారు. వరద తీశాక చూస్తే మా గచ్చులో ఒక్క రాయి కూడా కదలలేదు. ఆ పొద్దు నాకు కలిగిన ఆనందం నా పెళ్ళినాడు కూడా కలగలేదు, మా ఆవిడ ఏమనుకున్నా సరే.

మరుసటి ఏడు దొర గోదావరికి మళ్ళీ మనుషుల కోసం రాశాడు. వాళ్ళు వచ్చిన ఓడలోంచి మూట నెత్తిన పెట్టుకుని వీరన్న బావమరిది దిగాడు. "పెద్దలు నిన్ను రమ్మన్నారు బావా. ఈలోగా నాకూ పనిప్పించు" అన్నాడు. వీరన్న అతని నెత్తి మీది మూట తను అందుకున్నాడు.

తరవాత నన్ను ఎన్నో నదుల మీదకి బదిలీ చేశారు. ఎక్కడికి వెళ్ళినా, గేజీ చూడడానికి ముందే, ఒడ్డున కాపురముండే ఆడవాళ్ళు సామాను ఎప్పుడు సర్దుకుంటారో కనుక్కునేవాణ్ణి.