కారు సీటు కోసం మానుకోట మీదుగా

మా సిరికి నాలుగున్నరేళ్లు. రెండేళ్ల క్రితం కొన్న కారు సీటును పిల్ల ఎప్పుడు దాటి పెరిగిందో నేను గమనించనే లేదు. ఒక శనివారం బకిల్ పెడుతుంటే "అమ్మా, నొస్తుంది" అంది. చూస్తే దాని భుజాలు సీటులో పట్టీ దూర్చే రంధ్రాల్లో అన్నిటికంటే పైదాన్ని కూడా దాటేశాయి. పట్టీ భుజాన్ని పట్టుకోవడం మానేసి కిందికి నొక్కుతోంది. నేను జనగామలో టీచర్‌ని, మా ఆయన ఉద్యోగం భూపాలపల్లి బొగ్గు గనిలో. నెలకు మూడు శనివారాలైనా పిల్లను కారులో వేసుకుని అక్కడికి వెళ్లాల్సిందే. లారీలు తిరిగే ఆ రోడ్డు మీద, సరిపోని సీటులో పిల్లను పెట్టుకుని బండి నడపడమంటే ముళ్ల మీద కూర్చుని నడిపినట్టే. ఆ వారమంతా నాకు కంటి మీద కునుకు లేదు.

జనగామలో అడిగితే ఒకాయన సైకిల్‌కు తగిలించే బుట్ట చూపించాడు. హనుమకొండలో పెద్ద దుకాణాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, రెండు ఆదివారాలు తిరిగాను, అన్నీ నెలల పిల్లల సీట్లే. ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పిస్తే దాన్ని బిగించడానికి కారులో ఇనుప కొక్కేలుండాలట. మా పాత కారుకు అవి లేవు, తిప్పి పంపించాను. చివరికి మా స్కూల్లో తోటి టీచర్ మహబూబాబాద్‌లో ఒక దుకాణం చెప్పింది. మా వైపు వాళ్లకు అది మానుకోట. ఫోన్ చేస్తే రెండు రకాలున్నాయి, వచ్చి చూసుకొమ్మన్నారు. జనగామ నుంచి భూపాలపల్లికి హనుమకొండ, పరకాల మీదుగా వెళ్లడమే దగ్గర. మానుకోట మీదుగా అంటే బాగా చుట్టు. అయినా సరే అనుకున్నాను, నేనొకటి అనుకుంటే ఇంట్లో ఎవరినీ కూర్చోనివ్వను.

ఈసారి మా అత్తమ్మ కూడా బయల్దేరింది. ఆమె మాతోనే జనగామలో ఉంటుంది. నేను బడిలో ఉన్నంతసేపూ సిరి ఆమె దగ్గరే. మా ఆయన భూపాలపల్లిలో కొత్త ఇంట్లోకి మారుతున్నాడని, గుమ్మానికి గుమ్మడికాయ తన చేత్తోనే కట్టాలని ఆమె పట్టు. మర్నాడు ఆదివారం కాళేశ్వరం వెళ్లి గోదావరిలో స్నానం చేసి రావాలని ఇంకో కోరిక. కారు సీటు మాట ఎత్తితే మాత్రం ఆమెకు ఒళ్లు మండుతుంది. పిల్లను ముందు సీట్లో తన ఒళ్లో కూర్చోబెట్టుకోవడమే ఆమెకు తెలిసిన ప్రయాణం.

"నా ఒళ్లున్నంక పిల్లకు కుర్చెందుకు బిడ్డా? నా కొడుకును గట్లనే పెంచిన, ఏమన్న అయిందా?"

"అప్పుడు కారు యాడిది అత్తమ్మా, ఎడ్లబండే గదా!"

"ఎడ్లబండికి బ్రేకు గుడ లేకుండె" అంది. ఆమెతో మాటల్లో గెలిచినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

శనివారం సెలవు పెట్టి ఉదయం ఆరున్నరకు బయల్దేరాం. జనగామలో పదిహేను వందల పెట్రోలు పోయించాను, పోయేటప్పటికి సరిపోయింది. పాలకుర్తి దాకా రోడ్డు ఖాళీ. తొర్రూరులో ఎనిమిదింటికి ఆగి ఇడ్లీలు తిన్నాం, ముగ్గురికీ కలిపి నూట ఇరవై అయింది. నాకు తిన్నట్టే లేదు. సిరి పట్టీ కింద భుజం కదుపుతూనే ఉంది, అద్దంలో దాన్ని చూస్తూ నేను కదులుతూనే ఉన్నాను. తొమ్మిది దాటాక మానుకోట చేరితే దుకాణం పదింటికి గానీ తెరవరని తెలిసింది. ఆ ముప్పావు గంట నేను షట్టర్ ముందు అటూ ఇటూ నడుస్తుంటే అత్తమ్మ మార్కెట్‌కు వెళ్లి, పది కాయలు తట్టి చూసి, తొడిమ విరగని బూడిద గుమ్మడికాయ ఒకటి తెచ్చుకుంది. నాలుగైదు కిలోలుంటుంది. నూట యాభై చెప్పిన కాయను ఎనభైకి తెచ్చానని ఆమె ముఖం వెలిగిపోతోంది.

దుకాణం అన్న మంచివాడు. రెండు సీట్లూ బయటికి తెచ్చి మా కారులోనే పెట్టి చూపించాడు. మొదటిది వెన్ను లేని ఎత్తు పీట. పిల్లను దాని మీద కూర్చోబెట్టి కారు బెల్టే పెడతారు. మూడు వేల లోపే. చోటు తక్కువ పడుతుంది, సిరి "నేను పెద్దగైన" అని చప్పట్లు కొట్టింది. కానీ బెల్టు భుజం మీద కాకుండా మెడ మీదికి వస్తోంది. రెండు నిమిషాలు తిరక్కుండానే పిల్ల బెల్టును వీపు వెనక్కి తోసేసి కిటికీ వైపు తిరిగి మోకాళ్ల మీద నిలబడింది. రెండోది పెద్దది. రెండు భుజాలకూ, రెండు తొడలకూ, కాళ్ల మధ్యకూ పట్టీలుంటాయి, పిల్ల ఎదిగే కొద్దీ పైకి జరుపుకోవచ్చు. ఇంకా పెద్దయ్యాక పట్టీలు తీసేసి కారు బెల్టుతో వాడుకోవచ్చు. కొక్కేలు అవసరం లేదు, కారు బెల్టుతోనే బిగుస్తుంది. పన్నెండున్నర వేలు. వెనక సీటులో సగం అదే ఆక్రమించింది.

"గిది సీటా, సింహాసనమా?" అంది అత్తమ్మ. "రేపు మనోళ్లెవలన్న కలిసొస్తమంటె యాడ కూచోబెడ్తవ్? డిక్కిలనా?"

ఆమె మాట కొట్టిపారేసేది కాదు. మా దగ్గర కారు బయల్దేరుతుందంటే ఒక చిన్నమ్మో, ఒక మేనమామో దారిలో ఎక్కకుండా ఉండరు. చోటు లేదని చెబితే అది జీవితాంతం గుర్తుంటుంది. దుకాణం అన్న ఇద్దరి ముఖాలూ చూసి నెమ్మదిగా అన్నాడు, "పీట జర పెద్ద పిల్లలకు మంచిగుంటదక్కా, కుదురుగ కూచునేటోళ్లకు. ఈ పాప కూచోదు. మీ ఇష్టం. తొందరేం లేదు, ఫోన్ల చెప్తే పక్కకు పెడ్త."

పెద్దదే కొనాలని నాకు తెలుసు. అయినా ఆమె ముఖం చూస్తూ డబ్బు తీయలేకపోయాను. ఇటు తీసి అటు పెట్టి, అటు తీసి ఇటు పెట్టి, పదకొండున్నరకు ఏదీ కొనకుండానే బయటపడ్డాను. ఎనభై కిలోమీటర్లు వచ్చి వట్టి చేతులతో వెళ్తున్నందుకు నా మీద నాకే మంటగా ఉంది. అత్తమ్మ మీద అంతకంటే మంటగా ఉంది.

నర్సంపేటకు గంట పైనే పట్టింది. భోజనం నూట ఇరవై, పప్పు బాగుంది, పెరుగు పుల్లగా ఉంది. తినేసి కారు దగ్గరికి రాగానే సిరి ఏడుపు మొదలుపెట్టింది. ఆ సీటు వద్దు, నానమ్మ ఒళ్లో కూర్చుంటుందట. భుజం మీద పట్టీ ఒరుసుకుని ఎర్రగా కందింది. నేనూ అలిసిపోయాను, ఎండ నెత్తి మీదుంది, ఇంకా రెండు గంటల దారి. సరే, ఈ ఒక్కసారికి అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపింది నేను కాదు, గుమ్మడికాయ. ఇంటికి కట్టే కాయను కింద పెట్టకూడదని, డిక్కీలో పెడితే దొర్లి పగులుతుందని అత్తమ్మ దాన్ని మానుకోట నుంచీ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

"కాయున్నది గద తల్లీ నా ఒళ్లె" అని బుజ్జగించింది. "మీ బాపు కాడ దించినంక ఎత్తుకుంట. జరసేపు కూచో."

నేను సిరిని పాత సీటులోనే కూర్చోబెట్టి, భుజానికీ పట్టీకీ మధ్య నా చున్నీ మడిచి పెట్టబోయి, అలా పెడితే పట్టీ వదులవుతుందని మానేశాను. పిల్ల ఏడుస్తూనే ఉంది. అత్తమ్మ ముందు సీట్లో, పోలీసులు ఆపుతారని బెల్టు పెట్టుకుని, రెండు చేతులతో కాయను పొట్టకు అదుముకుని కూర్చుంది.

మల్లంపల్లి ఇంకా రాలేదు. రోడ్డుకు అవతలి సగమంతా మక్కజొన్న గింజలు ఆరబోశారు, అంచున రాళ్లు వరసగా పేర్చారు. మా వైపు ఖాళీగానే ఉంది. నేను అరవైలో ఉన్నాను. మలుపు తిరగ్గానే ఎదురుగా లారీ. దాని సగంలో మక్కలుండటంతో అది మా సగంలోకి వచ్చేసింది. బ్రేకు మీద నిలబడ్డాను. కారు అరుచుకుంటూ ఆగింది, లారీ కూడా ఆగింది. రెంటి మధ్యా ఒక ఎడ్లజత పట్టేంత చోటు మిగిలింది.

ముందు పెద్ద చప్పుడైంది. గుమ్మడికాయ డ్యాష్‌బోర్డుకు కొట్టుకుని రెండు చెక్కలైంది. గుజ్జు అద్దం మీద, గింజలు నా ఒళ్లో, నీళ్లు అత్తమ్మ చీర మీద. వెనక్కి తిరిగి చూశాను. సిరి సీటులోనే ఉంది. నోరు తెరుచుకుని ఉంది, ఏడుపు ఇంకా బయటికి రాలేదు. తర్వాత వచ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చేశాను.

మక్కలు తిరగేస్తున్న ఒకామె చేతిలో పనిముట్టు పారేసి పరుగెత్తుకొచ్చింది. "ఏం గాలే గదక్కా? పిల్ల మంచిగున్నదా? నీళ్లు తాగున్రి" అంటూ బాటిల్ అందించింది. లారీ డ్రైవర్ దిగి, తిట్టబోయి, పిల్లను చూసి మాట మింగేసి, "మెల్లగ పోన్రి అక్కా" అని వెళ్లిపోయాడు. అద్దం తుడుచుకుని మళ్లీ బయల్దేరాం. ముప్పైకి మించి నడపలేకపోయాను.

ములుగులో చాయ్ కోసం ఆగితే అత్తమ్మ గ్లాసు ముట్టలేదు. చేతులు కడుక్కుని అరచేతులు చూసుకుంటూ నిలబడింది.

"గట్టిగనే పట్టుకున్న బిడ్డా."

"తెలుసు అత్తమ్మా."

"రెండు చేతుల పట్టుకున్న. నేనైతె యాడికి పోలే, బెల్టున్నది. కాయ ఎట్ల పోయిందో నాకే తెల్వలే." తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "కాయ జాగల పిల్ల ఉంటే..."

ఆమె భుజం పట్టుకుందామని చేయి చాపితే, ఆమే నా చేయి పట్టుకుంది. ఆమె చేయి చల్లగా ఉంది.

నాలుగున్నరకు భూపాలపల్లి చేరాం. మా ఆయన గుమ్మం దగ్గరే ఎదురుచూస్తున్నాడు. తల్లి చేతులు ఖాళీగా ఉండటం చూసి అడిగాడు, "అమ్మా, గుమ్మడికాయ తెస్తనన్నవ్, ఏది?"

"తొవ్వల పలగ్గొట్టిన" అంది అత్తమ్మ. "నీ ఇంటికి గాదు, నీ బిడ్డకు దిష్టి తీసిన." అంతే చెప్పి లోపలికి వెళ్లి, సిరిని ఒళ్లో పడుకోబెట్టుకుని, కందిన భుజానికి కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది. కారు నేలంతా గింజలే. అవి ఏరుతూ ఆ సాయంత్రమే మానుకోటకు ఫోన్ చేశాను. పెద్ద సీటు ఉందట, ఆదివారం మధ్యాహ్నం దాకే దుకాణమట. మరి కాళేశ్వరమో అని నేను నసుగుతుంటే అత్తమ్మ లోపలి నుంచే అంది, "దేవుడు యాడికి పోతడు? దుకాణం బందైతది."

ఆదివారం ఉదయం ఏడింటికి బయల్దేరి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లాం. సిరికి పాత సీటే, భుజం మీద నూనె మరక. దుకాణం ముందు అన్న కొత్త సీటు బిగించగానే అత్తమ్మ అతన్ని పక్కకు జరగమని, వెనక సీటులో మోకాళ్లు ఆనించి, రెండు చేతులతో దాని పట్టీని పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి గుంజింది. మళ్లీ గుంజింది. సీటు కదల్లేదు. "ఆగుతది" అని తనకు తానే చెప్పుకుంది. జనగామకు బయల్దేరేటప్పుడు ముందు తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె రాలేదు. వెనక, సింహాసనం పక్కన మిగిలిన ఆ కాస్త చోటులో ఒదిగి కూర్చుని, తన బెల్టు తానే వెతుక్కుని పెట్టుకుంది. "ఒళ్లె లేకపోతేంది, పక్కన ఉంట" అంది. సిరి కాలు ఒకటి తెచ్చి ఆమె తొడ మీద పెట్టింది. తొర్రూరు దాకా ఇద్దరూ నిద్రపోయారు. చాలా రోజుల తర్వాత నేను అద్దంలోకి ఊరికే చూశాను.

ఇన్నాళ్లూ నేను అత్తమ్మతో వాదించింది సీటు గురించే అనుకున్నాను. ఆమె మాత్రం తన ఒడి గురించి వాదించింది. పిల్లను మొదటిరోజు నుంచి మోసిన ఒడిని ఒక ప్లాస్టిక్ కుర్చీ ముందు తక్కువ చేస్తే ఎవరికైనా కోపమే వస్తుంది. అది ముందే అర్థమై ఉంటే నేను ఇంకో రకంగా మాట్లాడేదాన్ని. కాయ పగిలేదాకా ఆగాల్సి వచ్చింది. ఇలాంటి సీటు కోసం బయల్దేరేవాళ్లకు ఒక్కటే చెబుతాను. డబ్బు కట్టకముందే సీటును దుకాణం ముందు మీ కారులో బిగించి, పిల్లను కూర్చోబెట్టి చూడండి. ఆ మొదటిసారి బకిల్ మీరు పెట్టకండి, పిల్లను ఒళ్లో ఎత్తుకు తిరిగే పెద్దవాళ్ల చేత పెట్టించండి.