అమావాస్య నాడు రాయని సున్నా

నిన్న పొద్దున నాగర్‌కర్నూల్‌లో మా ఇంట్లో చాయ్ తాగుతూ ఫోన్ చూస్తుంటే, మా ఇంటివాళ్ళ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. గద్వాలలో ఏదో శిక్షణ తరగతి, నేత ఇళ్ళ ఆడపిల్లలు ఓ ఇరవై మంది చాపల మీద కూర్చున్నారు, వాళ్ళ ముందు మా చెల్లెలు నిలబడి చేతిలో ఫోన్ పట్టుకుని పాఠం చెబుతోంది. ఏళ్ళ తరబడి కంప్యూటర్ల ముందు కూర్చుని మెడ పట్టేసుకున్నదాన్ని నేనూ, చప్పట్లు దానికీనా అని అక్కడే సగం చాయ్ చేదైపోయింది. మిగతా సగం అది అన్న మాటతో చల్లారింది.

"ఏదన్న యాప్ తెరుచుకోకపోతే ఫోన్‌ను తిట్టకుండ్రి. ఎప్పటిసంది తెరుచుకుంటలేదో యాది చేసుకోండ్రి. ఈ కిటుకు మా అక్క కనిపెట్టింది," అంది.

అది అబద్ధం. కనిపెట్టింది నేను కాదు, అదే. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. మూడోవాళ్ళకు తెలియకుండా చేసింది మాత్రం నేను.

మన వయసువాళ్ళకు ఈ బాధ చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను. తోడబుట్టినవాళ్ళ మీద అసూయ అంటే ముఖం చిట్లించుకునేవాళ్ళు ఉంటారు కానీ, ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళలో ఎవరికి ఎక్కువ వడ్డించారో జీవితాంతం గుర్తుపెట్టుకోని మనిషిని నేనింతవరకూ చూడలేదు. మా ఇంట్లో వడ్డించినవాడు మా నాయన. గద్వాల చీర సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, ఒళ్ళంతా నూలు, అంచు పట్టు, ఆ రెండింటినీ పోగు పోగుకూ కలుపుకుంటూ నేయాలి, అతుకు కంటికి కనబడకూడదు, వేలికి తగలకూడదు. నాకు పదకొండేళ్ళు, చెల్లెలికి తొమ్మిదేళ్ళు ఉన్నప్పుడు నాయన మా ఇద్దరినీ మగ్గం గుంటలో పక్కన కూర్చోబెట్టుకుని ఆ కలుపు నేర్పబోయాడు. నా చేతిలో పోగు పెట్టిన ప్రతిసారీ తెగేది, దాని చేతిలో మాట వినేది. నెల తిరక్కుండానే నాయన నా తల నిమిరి, నీకు ఇది వద్దు బిడ్డా, నువ్వు చదువుకో అన్నాడు.

ఊరంతా నన్ను అదృష్టవంతురాలినన్నారు. పుస్తకాల సంచీ కొన్నారు, వనపర్తిలో కాలేజీకి పంపారు, హాస్టల్లో ఉంచారు. నాకు మాత్రం, మగ్గం మీది నుంచి దించేశారనే అనిపించింది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా వాళ్ళిద్దరూ భుజాలు రాసుకుంటూ కూర్చుని, మాటల్లేకుండానే ఒకరి చేతికి ఒకరు నూలు చుట్టిన కండె అందించుకుంటుంటే, గడపలో కూర్చుని పుస్తకం చదువుతున్నట్టు నటిస్తూ కుళ్ళిపోయేదాన్ని. అది బడి మానాల్సి వచ్చినందుకు ఎప్పుడైనా ఏడ్చిందేమో నేను అడగలేదు, ఆ వయసులో నాకా ఊహే రాలేదు.

సరే, చదివాను, వనపర్తి కాలేజీలో చాలా ఏళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పాను, నలభై నిండబోతుండగా ఆ ఊళ్ళోనే కొత్తగా పెట్టిన చిన్న ఆఫీసులో చేరాను. అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ పెద్ద తెర ఫోన్లు వస్తున్న రోజులు. ఒక పిండిగిర్ని మీద రెండు గదులు, నలుగురం పనివాళ్ళం, గిర్ని ఆడినప్పుడల్లా బల్లలు వణికేవి. మా యజమాని గద్వాలలోని ఒక నేత సంఘాన్ని ఒప్పించి, నేసేవాళ్ళు ఏ రోజు ఎన్ని మూరలు నేశారో సాయంత్రం ఫోన్‌లో ఎక్కించే యాప్ ఒకటి చేసిస్తామన్నాడు. ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. ఎందుకో మీకు వేరే చెప్పాలా? ఆ సంఘం పెద్దల్లో మా నాయన ఒకడు.

యాప్ తెరవగానే గడిచిన పదిహేను రోజుల నేత గీతలుగా కనబడేట్టు చేశాను, రోజుకొక గీత, ఎక్కువ నేస్తే పొడుగు, తక్కువ నేస్తే పొట్టి. కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి ఫోన్ ఒకటి తెర మీద తెరుచుకుంటుంది, దాంట్లో అన్ని రోజులకూ నా నోటికొచ్చిన మూరలు నింపి చూసుకుంటే ముత్యంలా పనిచేసింది. కానీ అసలు ఫోన్‌లో, అసలు నేసేవాళ్ళ చేతిలో కొన్నాళ్ళు నడవకుండా సంఘానికి చూపించకూడదని యజమాని పట్టుబట్టాడు. ఫోన్ ఉండి, చదవడం వచ్చి, రోజూ మరిచిపోకుండా ఎక్కించే మనిషి ఎవరంటే, ఇంకెవరు, మా చెల్లెలే. పనిలేని రోజు సున్నా ఎక్కించమని కూడా చెప్పి వచ్చాను.

సంఘం కూర్చునే రోజుకు రెండు రోజుల ముందు దాని దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. యాప్‌ను ముట్టుకుంటే తెర ఒక్కసారి తెల్లగా మెరిసి మూసుకుపోతోందట. నేను ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. బీచుపల్లి వంతెన మీద అందరూ కిటికీల్లోంచి కృష్ణకు దండం పెట్టుకుంటుంటే, నేను మాత్రం తప్పు నాది కాకూడదని దండం పెట్టుకున్నాను. పెద్దల ముందు యాప్ తెరుచుకుంటే ఊళ్ళోని మగ్గాలన్నిటికీ తీసుకుంటారు, తెరుచుకోకపోతే వద్దని లేచిపోతారు, ఆ లేచేవాళ్ళలో నాయన కూడా ఉంటాడు. తెగిన పోగు పట్టుకుని కూర్చున్న పదకొండేళ్ళ పిల్లగానే మళ్ళీ ఆయనకు కనబడతాను.

ఇంటికెళ్ళేసరికి నాయన సంఘం పని మీద బయటికి పోయి ఉన్నాడు. చెల్లెలు మంచినీళ్ళిచ్చి, ఏదో చెప్పబోయింది. ముందు ఫోన్ ఇటివ్వు అన్నాను. తీగతో ల్యాప్‌టాప్‌కు తగిలించి యాప్ తెరిస్తే, అది పడిపోవడమూ, నల్ల తెర మీద ఎర్రటి వరుసలు జరజరా దిగడమూ ఒకేసారి జరిగింది. యాప్ ఎందుకు పడిపోయిందో ఆ వరుసల్లో ఉంటుంది, మేము దాన్ని లాగ్ అంటాం. ఫలానా తారీఖు వివరం దొరకలేదని అందులో స్పష్టంగానే ఉంది. ఉంటే మాత్రం ఏం, దాని ఫోన్‌లో చోటు లేక ఆ రోజు వివరం ఎగిరిపోయి ఉంటుందని నేను బస్సులోనే తీర్పు రాసుకుని వచ్చాను. చూస్తే ఫోన్ నిండా ఫోటోలే. అది నేసిన ప్రతి చీరనూ మగ్గం మీది నుంచి దించేముందు ఒక ఫోటో తీసి పెట్టుకుంది, కొంగు ఒకటి, అంచు ఒకటి, కొన్నింటి పక్కన నవ్వుతూ మా నాయన. నాతో ఆయన అలా నవ్వుతూ దిగిన ఫోటో ఒక్కటి లేదు. ఇవన్నీ తీసేస్తే గాని లాభం లేదన్నాను. అది ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "పోతే పోయినయ్ తియ్యి అక్కా, నీ పని గావాలె," అంది. తీసేశాను. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి దాచవచ్చు, పది నిమిషాల పని, అది నాకు తెలియక కాదు.

ఫోటోలు తీసేసి, యాప్‌ను మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కిస్తే చక్కగా తెరుచుకుంది. చూశావా, నీ ఫోన్‌దే తప్పు అని నేను విర్రవీగుతుండగానే, చెల్లెలు తన నంబరు కొట్టింది, అది ఇన్నాళ్ళూ ఎక్కించిన మూరలన్నీ ఆఫీసు నుంచి మళ్ళీ ఫోన్‌లోకి దిగాయి, మూసి తెరిస్తే యాప్ మళ్ళీ పడిపోయింది. ఫోన్ ఆపి పెట్టాను, తీగ మార్చాను, మళ్ళీ తుడిచాను, మళ్ళీ ఎక్కించాను. ఖాళీగా ఉంటే తెరుచుకుంటుంది, దాని లెక్క దిగగానే పడిపోతుంది. మధ్యాహ్నం మూడయింది, అన్నం ముందు పెట్టినా ముట్టలేదు. చివరికి ఆ తారీఖును వేలితో చూపించి, ఈ రోజు నువ్వే ఎక్కించలేదు, ఒళ్ళు బద్ధకమా అని దాని మీద అరిచాను.

అది ఆ తారీఖు చూసి నెమ్మదిగా అంది. "ఆ దినం అమాస గదా అక్కా. అమాస దాంక మంచిగనే తెరుచుకుంది, అమాస తెల్లారినసంది గిట్ల చేస్తుంది. పొద్దటిసంది గదే చెప్దామని చూస్తున్న."

మా ఇళ్ళల్లో అమావాస్య నాడు మగ్గం ఎక్కరు. మగ్గం కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దీపం పెట్టి దండం పెట్టుకుంటారు. నేను పుట్టినప్పటి నుంచీ చూసినదే అది. మరి సున్నా ఎక్కించమని చెప్పాను కదా అంటే, అది వింతగా చూసి, "పసుపు పెట్టిన మగ్గం పేరు మీద సున్నా ఎట్ల రాస్త అక్కా?" అంది. నేనెవరో పరాయిదాన్ని అన్నట్టుంది ఆ చూపు. అమాస తెల్లారినసంది అని అది అన్నదే, కాలేజీలో నా విద్యార్థులకు నేను మొట్టమొదట నేర్పిన పాఠం, చెడిపోయిందని వచ్చినవాళ్ళను ఎప్పటి నుంచి అని అడగమని. పొద్దుట్నుంచీ ఫోన్‌ను అన్ని ప్రశ్నలూ అడిగాను గాని, ఫోన్ పట్టుకున్న మనిషిని అడగలేదు. అడిగితే దానికి తెలిసి ఉంటుందేమో అన్న భయం.

పని పదిహేను నిమిషాల్లో అయిపోయింది. వివరం లేని రోజున గీత గీయకుండా చోటు వదిలెయ్యమని రాసి, మళ్ళీ ఎక్కిస్తే, పద్నాలుగు గీతలతో, చివర అమావాస్య చోటు ఖాళీగా, యాప్ తెరుచుకుంది.

మర్నాడు కాక ఆ మర్నాడు సంఘం కూర్చుంది. నేను లేచి నిలబడి చెప్పాను, ఎవరూ నా వైపు చూడలేదు, అందరూ ఫోన్ పట్టుకున్న చెల్లెలి చుట్టూ మూగారు. అది తెరిచింది, తెరుచుకుంది, అమాస చోటు ఖాళీగా చూపించి ఏదో చెబితే పెద్దలంతా నవ్వారు, ఒప్పుకున్నారు. నాయన ఆ ఫోన్ తీసుకుని, కళ్ళద్దాలు పైకి జరిపి చాలాసేపు చూసి, తిరిగి దాని చేతిలోనే పెట్టి, దాని భుజం తట్టాడు. నేను మూడడుగుల దూరంలోనే ఉన్నాను. నా దిక్కు చూడనైనా చూడలేదు.

తెల్లవారి ఆఫీసులో, సంఘానికి పంపవలసిన కాగితం రాశాను. పరీక్షకు ఫోన్ ఇచ్చినవారు అన్నచోట చెల్లెలి పేరు రాశాను. లోపం కనిపెట్టినవారు అన్నచోట చేయి ఆగింది. కింద గిర్ని ఆడుతోంది, బల్ల వణుకుతోంది, నేను నా పేరు రాశాను. దానికి మగ్గం ఉంది, నాయన ఉన్నాడు, ఈ ఒక్క గడి నాకుంటే ఏం పోయిందనుకున్నాను. ఆ కాగితం ఎవరు చదివారో, ఏమైందో నేనెప్పుడూ కనుక్కోలేదు. ఆ తరవాత ఇంటికి వెళ్ళడం తగ్గించుకున్నాను, పండగకు వెళ్ళినా తెల్లారే బస్సెక్కేదాన్ని. మూడేళ్ళ కింద నాయన పోయాడు, చివరి నెలల్లో దవాఖానలో కూడా ఆయన పక్కన ఎక్కువగా ఉన్నది చెల్లెలే.

నిన్న ఉండబట్టలేక దానికి ఫోన్ చేసి, ఆ పిల్లల ముందు అబద్ధమెందుకు చెప్పావని అడిగాను. అది నవ్వింది. నాయన అట్లాగే చెప్పేవాడట. నేను పంపిన కాగితం సంఘంలో చదివి వినిపించారట, ఆ రోజు నుంచీ సంఘం కాడ, చాయ్ హోటల్లో, చివరికి సూది వెయ్యడానికొచ్చిన నర్సుకు కూడా, మా పెద్దబిడ్డ వనపర్తిలో కూసొని అమాసను పట్టింది, మగ్గం ఇంట్ల పుట్టిన తెలివి యాడ పోతది అని చెప్పి మురిసిపోయేవాడట. నీకు చెప్పలేదా అని అది ఆశ్చర్యపోయింది. మరి నువ్వు కాదని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నాకు జర మంటనే అయింది అక్కా, లేదంటే అబద్ధం. గని నాయిన గంత సంబరంగ చెప్తుంటే నేనేం అడ్డం పోత?" అంది.

ఇప్పుడు గద్వాలలో ఆ ఇంట్లో మగ్గం లేదు. నడుము నొప్పికి చెల్లెలు మానుకున్నాక గుంట పూడ్చి బండలు పరిచారు, ఆ చోట ఫ్రిజ్ పెట్టారు. వనపర్తిలో మా గిర్ని మీది గదుల్లో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ యాప్ ఈనాటి ఏ ఫోన్‌లోనూ ఎక్కదు. దాని చీరల ఫోటోలు నేను తీసేసినవి తీసేసినట్టే పోయాయి, నాయన నవ్వు కూడా వాటితోనే పోయింది, క్షమించమని అడిగితే ఏ ఫోటోలు అక్కా అంది, మరిచిపోయిందో, మరిచిపోయినట్టు నటించిందో తెలియదు. నిజం చెప్పి ఆ గడిలో పేరు మార్చుకుందామన్నా వినడానికి నాయన లేడు.

సిగ్గు విడిచి ఒక్కమాట చెబుతాను. ఇంత తెలిశాక కూడా నా కుళ్ళు చావలేదు. మా పెద్దబిడ్డ అని నాయన మురిసిపోతూ అన్న మాట, జీవితమంతా నేను చెవులు రిక్కించి ఎదురుచూసిన మాట, అన్ని ఏళ్ళూ రోజూ ఆయన నోటి నుంచి విన్నది మళ్ళీ మా చెల్లెలే.