బావ ఎడమ చెవి

మా బావకి ఎడమ చెవి వినపడదు. జన్మంతా ఇంజన్ల రొదలో గడిపితే అంతే మరి, అంటాడు. మిగిలిన ఒక్క చెవితో మా అక్కతో కాపురం నెట్టుకొస్తున్న మనిషిని తెచ్చి, మా రేసింగ్ టీముకి మేనేజరుగా కూర్చోబెట్టారు.

మా టీమని ఎందుకన్నానంటే, నేను దానికి వీరాభిమానిని. ఆఖరి స్థానాన్ని సొంత ఆస్తిలా ఏళ్ళ తరబడి అట్టిపెట్టుకున్న టీమది. పాత మేనేజర్లంతా అరిచి అరిచి గొంతులు పోగొట్టుకుని వెళ్ళారు. ఇప్పుడు చెవి లేనివాడొచ్చాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. కాకపోతే బావ పుణ్యమా అని షెడ్డులోకి నాకూ దారి దొరికింది.

వచ్చిన వారంలోనే ఇంజను మేస్త్రీ చాడీలు మోసుకొచ్చాడు. బావ ఎడమ చెవి అప్పగించాడు.

"టైర్లవాళ్ళు ఒట్టి సోమరులండీ!"

"సోమవారమా? సరే, సోమవారమే చూద్దాం."

చాడీ గుసగుసగా చెప్పాల్సిన సరుకు. అరిచి చెబితే షెడ్డంతా వింటుంది, టైర్లవాళ్ళతో సహా. నెల తిరిగేసరికి చాడీలు చెప్పే నాథుడే లేడు. అందరూ తల వంచుకుని పని చేసుకుంటుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ తర్వాతి రేసులో, మన బండి నాలుగో స్థానంలో పోతుండగా, చక్రాలు బిగించే నట్టన్న చెయ్యి వణికి నట్టు వదులుగా వదిలేశాడు. మలుపులో చక్రం ఊడి బండిని దాటేసి పోయింది. మా బండిని మా చక్రమే దాటడం అదే మొదటిసారి. డ్రైవరు మాత్రం క్షేమంగా దిగాడు.

యజమాని నిప్పులు తొక్కుతూ వచ్చాడు. బావ ఎడమ చెవి అటు తిప్పాడు.

"వాణ్ణి తీసెయ్!"

"వానా? మబ్బైనా లేదండీ."

"ఇంటికి పంపు!"

"ఇంకో పంపా? ఉన్నది బాగానే పనిచేస్తోందండీ."

నట్టన్న మూల నిలబడి అంతా వింటున్నాడు. యజమాని అరిచి అలిసి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. బావ నట్టన్న దగ్గరికెళ్ళి, "రేపు పొద్దున్నే రావయ్యా. వణుకు పోయేదాకా ఇద్దరం కలిసి బిగిద్దాం" అన్నాడు.

మళ్ళీ రేసులో నట్టన్న చెయ్యి వణకలేదు. మాకు మూడో స్థానం వచ్చింది! నేను గెంతిన గెంతుకి చెప్పు తెగింది. యజమాని బావ ఎడమ పక్కకి చేరి, నామోషీ కొద్దీ నోట్లోనే గొణిగాడు.

"వాడు మనతోనే ఉండనీలే."

"అలాగేనండీ!" అన్నాడు బావ ఠక్కున.

బావని ఆనుకుని నిలబడ్డ నాకే ఆ గొణుగుడు సగం వినపడింది. ఇన్నాళ్ళూ ఈయన్ని చెవిటివాడనుకున్నందుకు నవ్వూ వచ్చింది, కాళ్ళకి దణ్ణం పెట్టాలనీ అనిపించింది. యజమాని రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి బావ చెవి వంక చూశాడు. ఆ తర్వాత నవ్వేసి, వెళ్ళి నట్టన్న భుజం తట్టాడు.