స్పర్శరేఖల పేజీ

మరిపెడ నుంచి వరంగల్ వస్తున్న బస్సులో, నా చేతిలోని పదో తరగతి లెక్కల పుస్తకం చూసి, పక్కసీటులోని నడివయసు ఆమె తన నోటుబుక్కు తెరిచింది.

"సార్, ఓపెన్ స్కూల్ల పది రాస్తాన. బయటి బిందువు నుంచి గీసిన రెండు స్పర్శరేఖలు సమానమెట్లయితయి? జర చెప్పుండ్రి."

పేజీలో వృత్తం, రెండు గీతలు ఉన్నాయి. నిరూపణ సగంలో ఆగిపోయింది. వ్యాసార్థాలు గీసి, కేంద్రాన్ని ఆ బిందువుతో కలిపితే రెండు లంబకోణ త్రిభుజాలు వస్తాయని చెబుతూ, దాని కిందే రాయబోయాను. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఇండ్ల రాయకుండ్రి సార్. నా బిడ్డ నాకు చెప్పుకుంట రాసింది. గీడిదాక రాసినంక జ్వరమొచ్చి, దవాఖానలనే పోయింది."

నా డైరీలోంచి కాగితం చింపి, నిరూపణ పూర్తిచేసి ఇచ్చాను. ఆమె పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకుంది. వరంగల్‌లో దిగి వెళ్లిపోయింది.

పరీక్ష పాసయిందో లేదో తెలియదు. ఇప్పుడు మా బడిలో పిల్లల నోటుబుక్కుల్లో ఏదైనా రాసేముందు, రాయనా అని అడుగుతున్నాను.