ఎవరో అన్నట్టు

ఆ ప్రచురణ సంస్థలో ఆయన్ని అందరూ కత్తెర బాబాయ్ అంటారు. రచయితలు ఇంకొకరి రాతలు వాడుకుంటే, అనుమతి ఉందో లేదో చూడటం ఆయన పని. పేరు చెప్పి ఒకటి రెండు పంక్తులు ఉటంకిస్తే చూసీచూడనట్టు పోతాడు. "ఎవరో అన్నట్టు" అని కనిపిస్తే మాత్రం ఒళ్లు మండిపోతుంది. ఎర్ర పెన్సిల్ మొన మూడు కాగితాల్లోకి దిగేలా పొడిచి, పక్కన "అనుమతి తీసుకోలేదు" అని రాస్తాడు.

ఆ రోజు ఒక పేరుమోసిన నవలాకారుడు "ఎవరో అన్నట్టు" అంటూ వాడుకున్న పద్నాలుగు పంక్తుల పాటను అలాగే పొడిచాడు. నవలాకారుడు గదిలోకి దూసుకొచ్చి, కాలర్ పట్టుకుని గోడకేసి బాదాడు. "నా పుస్తకం ఆపడానికి నువ్వెవడివిరా?" అంటూ ఇనుప స్టేప్లర్‌తో మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి రాతప్రతి మీద పడింది. "ఎవరో కాదు సార్," అన్నాడు బాబాయ్ నెత్తురు ఉమ్ముతూ, "ఆ పాట రాసినావిడకి పేరుంది. ఫోన్ చేస్తే పలుకుతారు కూడా." రెండో దెబ్బకి పెదవి చీలింది. నలుగురూ వచ్చి విడదీశాక, పోలీసులకివ్వాల్సిన కాగితం యజమానే రాసి తెచ్చాడు. "పెద్దాయన పరువు పోతుంది బాబాయ్. 'ఎవరో కొట్టారు' అని రాశాను, సంతకం పెట్టేయ్." బాబాయ్ మూతికి రుమాలు అదిమిపట్టి, కింద పడ్డ పెన్సిల్ వెతుక్కున్నాడు. "ఎవరో" అన్న మాటను కాగితం చిరిగేలా కొట్టేసి, పైన నవలాకారుడి పూర్తి పేరు రాశాడు. అలవాటు కొద్దీ పక్కన, "అనుమతి తీసుకోలేదు" అని చేర్చాడు.