బాయిలర్ దాకా వెళ్లిన అడుగులు

దయ్యాలూ భూతాలూ అనేవాళ్లని నేను ఏనాడూ లెక్కచేయలేదు. హాస్టల్లో ఎవడైనా అలాంటి కథ మొదలుపెడితే ముందు వాడి నోరు మూయించేది నేనే. ఇప్పుడు నేనే కూర్చుని ఇది రాస్తున్నా. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకేం బాధ లేదు.

కెనడా వచ్చిన మొదటి చలికాలం అది. టొరంటో నుంచి బస్సులో ఐదారు గంటలు పోతే వచ్చే చిన్న ఊళ్లో కాలేజీ. ఆ ఏడాది క్లాసులో సగం మంది మనోళ్లే. ఊళ్లో రూముల కోసం కొట్టుకు చచ్చాం. చివరికి నాకూ, ఒంగోలు నుంచి వచ్చిన నరేశ్‌కీ ఊరి బయట ఒక పాత ఇంటి బేస్‌మెంట్ దొరికింది. పైన ఎవరూ ఉండరు. ఓనరమ్మ ఊళ్లో ఉంటుంది. నరేశ్ వాళ్లక్క టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో సెటిలైంది. వాడిని పట్టుబట్టి కెనడా రప్పించింది ఆమే.

మా ఇంటికి వేడి కట్టెల బాయిలర్ నుంచి వచ్చేది. చూడ్డానికి చిన్న రేకుల గదిలా ఉంటుంది, ఇంటికి అరవై అడుగుల దూరంలో, ఆరుబయట. లోపల మంటకి నీళ్లు కాగితే, కరెంటు పంపు ఆ నీళ్లని భూమిలోని పైపుల గుండా ఇంట్లోకి తోస్తుంది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మొద్దులు వేయాలన్నది ఓనరమ్మ షరతు. వంటకీ గిన్నెలకీ వేసుకున్నట్టే దానికీ వంతులు వేసుకున్నాం. నా వంతు రోజు కూడా సగంసార్లు నరేశే లేచి వెళ్లేవాడు. పిచ్చి మాలోకం.

ఫిబ్రవరిలో ఒకరోజు ఇద్దరం గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ ముగించుకుని పొద్దున ఏడింటికి ఇల్లు చేరాం. ఫ్రీజింగ్ రెయిన్, అంటే పడ్డచోటే గడ్డకట్టే వాన, పడి కరెంటు పోయింది. పంపు ఆగిపోయింది. బయట బాయిలర్ నిండా నిప్పులు, లోపల మేం వణికి చస్తున్నాం. మూడు గంటలు చూశాం. కరెంటు రాలేదు.

అప్పుడు నాకొక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. మా నాయనమ్మ చలికాలంలో మంచం పక్కన కుంపటి పెట్టుకునేది. నేనూ బాయిలర్‌లోంచి పారతో నిప్పులు తీసి, పెద్ద ఇనప మూకుడులో పోసుకొచ్చి గది మధ్యలో పెట్టా.

"వద్దురా. మన పెంకుటిళ్లంటే గాలాడతాయి. ఇక్కడ కిటికీకి కూడా ప్లాస్టిక్ అంటించి పెట్టాం" అన్నాడు నరేశ్.

"కాసేపేరా, గది వెచ్చబడగానే తీసేస్తా" అన్నా.

వాడు తలుపుకి లోపల గొలుసు పెట్టి, దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాడు. పొగకీ విషవాయువుకీ కలిపి గోడకి ఒక అలారం ఉండేది. పోపు వేసినప్పుడల్లా కూస్తోందని దాని బ్యాటరీ ఎప్పుడో పీకేశా. అదీ నా నిర్వాకమే.

నాకు మళ్లీ తెలివి వచ్చింది హాస్పిటల్లో. మధ్యలో జరిగిందంతా వాళ్లూ వీళ్లూ చెప్పగా తెలిసింది.

మధ్యాహ్నం మూడున్నరకి ఓనరమ్మ బాయిలర్ చూసిపోదామని వచ్చింది. నేను దాని వెచ్చటి రేకుకి ఆనుకుని కూర్చుని ఉన్నానట, స్పృహ లేకుండా. కాళ్లకి ఉత్త సాక్సులే, అవీ పొడిగా ఉన్నాయి. నా ఒంటికి నరేశ్ దుప్పటి చుట్టి ఉంది. ఫైర్ వాళ్లు తలుపు గొలుసు కత్తిరించి లోపలికి వెళ్లారు. నరేశ్ మంచం మీదే ఉన్నాడు. అప్పటికే పోయాడు.

ఆ మధ్యాహ్నం మంచు పడి రెండింటికి ఆగింది. మా తలుపుకీ బాయిలర్‌కీ మధ్య ఆ కొత్త మంచు మీద ఒకే మనిషి బూటు అడుగులు. పోలీసులు తీసిన ఫోటో నేను చూశా. మా తలుపు నుంచి బాయిలర్ దాకా లోతుగా, బరువు మోసినట్టు. అక్కణ్ణుంచి తిరిగి తలుపు దాకా మామూలుగా. నరేశ్ బూట్లు లోపల గుమ్మం దగ్గరే ఉన్నాయి. వాటి అడుగున మంచు ఇంకా కరగలేదు.

ఇంతవరకూ అయితే వింతేం లేదు. నన్ను కాపాడి, మళ్లీ లోపలికెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడనుకుని తల బాదుకున్నా. కానీ వాడి చేతికి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే వాచీ ఉంది. అందులో చివరి పల్స్ పదకొండు నలభైకి, మంచు ఆగడానికి చాలా ముందే. ఆ తర్వాత పల్స్ లేదు, ఒక్క అడుగు కూడా లేదు. వాచీ మాత్రం సాయంత్రం దాకా పనిచేస్తూనే ఉంది.

నిప్పుల్లోంచి వచ్చే ఆ గ్యాస్ పీల్చినవాళ్లు ఒక్కోసారి తెలియకుండానే నడుస్తారు, నువ్వే నడిచి ఉంటావు అన్నాడు డాక్టర్. మరి గొలుసు లోపల ఎవరు పెట్టారు, బూట్లు లోపల ఎవరు విడిచారు అని అడిగా.

వాచీ లెక్కలు తీసి చూసింది నరేశ్ వాళ్లక్కే. బాడీని ఇండియా పంపే ముందు మిస్సిసాగాలో ఆమెని కలిశా. నిప్పులు తెచ్చింది నేనే అక్కా, వాడు వద్దన్నాడు, అలారం పీకిందీ నేనే అని చెప్పేశా. కొడుతుందనుకున్నా. కొట్టినా బాగుండేది.

ఆమె మెల్లగా అడిగింది. "మోసుకొచ్చేటప్పుడు వాడు నీతో ఏమన్నా అన్నాడా?"

"ఏమీ గుర్తులేదక్కా" అన్నా.

నిజంగానే గుర్తులేదు. ఇన్నేళ్లయినా గుర్తురాలేదు. నన్ను బయటికి తెచ్చింది ఎవరో ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టదు. కానీ ఆరోజు నిన్నే తలుచుకున్నాడక్కా అని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది.